గొర్రె కడుపులో దొంగలు



తెలుగు నేల గొర్రెలకు పెట్టింది పేరు. 2019లో దేశమంతా పశువులను లెక్కపెట్టారు. తెలంగాణలో కోటీ 90 లక్షలకు పైగా గొర్రెలున్నాయని తేలింది. ఆ లెక్కలో దేశంలో మొదటి స్థానం తెలంగాణదే. రెండో స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. ఎన్నో ఇళ్ళు గొర్రెల మీదే బతుకుతున్నాయి. పిల్ల పెళ్ళికి, అప్పు తీర్చడానికి పొట్టేలునే అమ్ముతారు.

దొడ్లో దొంగ పడితే కుక్క మొరుగుతుంది. మరి గొర్రె కడుపులో దొంగ పడితే? ఆ దొంగలే నట్టలు.

ఏ మందలో ఉంటాయి?

బయట మేసే మందల్లో నట్టలు లేని మంద దాదాపు ఉండదు. "మా మందకు ఏమీ లేదు" అనుకోవద్దు. అయితే అన్ని గొర్రెల్లో ఒకే తీరుగా ఉండవు. చాలా గొర్రెల్లో తక్కువ ఉంటాయి. కొద్ది గొర్రెల్లోనే బాగా ఎక్కువ ఉంటాయి. ఆ కొద్ది గొర్రెల పెంటికల నుంచే మందకంతా పాకుతాయి. పిల్లలకు, ఈనిన గొర్రెలకు ప్రమాదం ఎక్కువ.

నట్టలు ఏం చేస్తాయి?

గొర్రె పొట్టలో నాలుగు అరలు ఉంటాయి. నాలుగో అరలో ఒక రకం నట్ట చేరుతుంది. అది సన్నగా, అంగుళం పొడవుంటుంది. ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనినట్టు కనపడుతుంది. అది రక్తం తాగుతుంది.

లెక్క వేసి చూడండి. వెయ్యి నట్టలు కలిసి రోజుకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం లాగేస్తాయి. 30 కిలోల గొర్రె ఒంట్లో ఉండే రక్తం సుమారు 2 లీటర్లే. ఇక ఎన్నాళ్ళు తట్టుకుంటుంది?

ఎలా వస్తాయి?

ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికల్లో బయటపడతాయి. వానాకాలంలో కొద్ది రోజుల్లోనే పురుగులవుతాయి. మంచు తడి ఉన్న గడ్డి మీదికి పాకుతాయి. ఆ గడ్డి తిన్న గొర్రె కడుపులో మూడు వారాల్లో పెద్దవవుతాయి.

జలగలు వేరు. అవి చెరువు గట్ల నత్తల్లో పెరిగి, నీటి ఒడ్డున గడ్డికి అంటుకుంటాయి. గొర్రె కార్జాన్ని పాడు చేస్తాయి.

ఎలా గుర్తుపట్టాలి?

ఒక ఇంట్లో అత్తాకోడళ్ళ మాటలు వినండి.

"అత్తమ్మా, ఈ గొర్రెకు దవడ కింద వాపు వచ్చింది."

"పొద్దున లేదు గదనే?"

"తల వంచి మేస్తే నీరు కిందికి దిగుతుంది. సాయంత్రం వాపు కనపడుతుంది. తెల్లారేసరికి తగ్గుతుంది. కింది కంటి రెప్ప లాగి చూడు అత్తమ్మా."

"తెల్లగా సున్నం లాగుందే!"

"ఎర్రగా ఉండాలి. తెల్లబడిందంటే ఒంట్లో రక్తం లేదన్న మాట. రేపే పశువుల ఆసుపత్రికి తోలుకుపోదాం."

రెప్ప రంగు చూసి మందు పోసే పద్ధతిని దక్షిణాఫ్రికాలో తయారు చేశారు. అది చాలా దేశాలకు పాకింది. దీనికి ఖర్చు లేదు. కన్ను, చెయ్యి ఉంటే చాలు. రెప్ప ఎర్రగా ఉన్నా గొర్రె పారుతుంటే, చిక్కిపోతుంటే తాజా పెంటికలు పరీక్ష చేయించాలి.

ఏం చేయాలి?

• వానల ముందు, వానల తర్వాత నట్టల మందు ఎప్పుడు పోయాలో డాక్టరును అడగాలి.
• నట్టలన్నింటికీ ఒకే మందు పనిచేయదు. జలగల మందు వేరుగా ఉండవచ్చు.
• గొర్రె బరువును బట్టి మందు పోయాలి. తక్కువ పోస్తే నట్టలు చావవు. పోను పోను ఆ మందుకే లొంగవు.
• గొర్రె తల బాగా పైకెత్తి పోయవద్దు. మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.
• చూడి గొర్రె అయితే డాక్టరుకు ముందే చెప్పాలి.
• మంచు ఆరాకే మేతకు తోలాలి. చెరువు ఒడ్డున మేపవద్దు.
• దొడ్డి రోజూ ఊడ్చి, పెంట దూరంగా కుప్ప వేయాలి.
• మందు పోసిన గొర్రెను కోతకు ఎన్నాళ్ళ దాకా అమ్మకూడదో అడిగి తెలుసుకోవాలి.

చెప్పండి చూద్దాం

1. దవడ కింద వాపు ఎప్పుడు బాగా కనపడుతుంది?
2. మందు తక్కువ పోస్తే ఏమవుతుంది?
3. ఈ రోజు మీ మందలో పది గొర్రెల రెప్పలు చూడండి. ఎన్ని ఎర్రగా ఉన్నాయి? ఎన్ని తెల్లగా ఉన్నాయి? పలక మీద రాయండి.