పరీక్ష కోసం నడక మానవద్దు
ఉద్యోగం చేస్తూ చదువుకునేవారికి ఒక ఆరోగ్య పాఠం



ఉద్యోగం చేస్తూ పరీక్షలకు చదివే బిడ్డలు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. బ్యాంకులో పనిచేస్తూ జె.ఎ.ఐ.ఐ.బి. రాసేవారు, ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ డీఎస్సీకి సిద్ధమయ్యేవారు, ఆడిటరు దగ్గర శిక్షణలో ఉంటూ సి.ఎ. చదివేవారు, వార్డులో డ్యూటీ చేస్తూ విదేశాల్లో ఉద్యోగం కోసం ఓ.ఇ.టి. రాసే మా నర్సులు. వీరిలో ఎవరిని అడిగినా ఒకటే మాట చెబుతారు: "టైం ఎక్కడుంది సిస్టర్? పరీక్ష అయిపోయాక వ్యాయామం మొదలుపెడతాను."

ఈ మాట వినడానికి సబబుగానే ఉంటుంది. మేము కూడా ఒకప్పుడు అలాగే అనుకున్నాము. అలా అనుకుని ఒక అమ్మాయికి తప్పు సలహా కూడా ఇచ్చాము. ఆ అమ్మాయి అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ సంగతితోనే ఈ పాఠం మొదలుపెడుతున్నాము.

మేము ఇచ్చిన తప్పు సలహా

ఆమె మా స్టాఫ్ నర్సు. అప్పుడు వయసు 27. తండ్రికి చాలా ఏళ్లుగా షుగరు. రోజూ డ్యూటీకి ముందుగానీ తర్వాతగానీ హాస్టల్ అమ్మాయిలతో కలిసి ఆసుపత్రి ఆవరణలో అరగంట నడిచేది. ఓ.ఇ.టి.కి ఫీజు కట్టిన తర్వాత ఒకరోజు మా గదికి వచ్చి, "మేడమ్, చదవడానికి టైం సరిపోవడం లేదు" అంది. మేము షిఫ్టులు కొంత సర్దాము. దానితో ఆగకుండా, "ఈ నాలుగు నెలలు ఆ నడక మానెయ్యమ్మా. ఆ అరగంట కూడా చదువుకో. నడక ఎక్కడికీ పోదు" అన్నాము.

పిల్ల మా మాట విన్నది. నాలుగు నెలల తర్వాత పరీక్షలోని నాలుగు భాగాల్లో ఒకదానిలో మార్కులు తగ్గాయి. అదే నెలలో సిబ్బందికి వార్షిక వైద్య పరీక్షలు జరిగాయి. ఆమె బరువు 6 కిలోలు పెరిగింది. పరగడుపున షుగరు 112 వచ్చింది. పరగడుపున 100 లోపు ఉండాలి. 126, ఆపైన రెండుసార్లు వస్తే షుగరు వ్యాధి అంటాము. 112 అంటే మధ్యలో ఉన్నట్టు. తండ్రికి షుగరు ఉన్న బిడ్డకు 27 ఏళ్లకే ఈ అంకె రావడం తేలికగా తీసుకునే విషయం కాదు.

మేము ఆమెను కూర్చోబెట్టి అడిగాము. తల వంచుకుని ఆమె చెప్పిన జవాబు ఇప్పటికీ మాకు గుర్తుంది. "మేడమ్, ఆ అరగంట కూడా నేను చదవలేదు. మంచం మీద పడుకుని ఫోను చూసుకుంటూ ఉండేదాన్ని. లేవబుద్ధి అయ్యేది కాదు."

ఆ అరగంట ఎక్కడికి పోతుంది?

ఈ పాఠంలో ముఖ్యమైన విషయం ఇదే. వ్యాయామం మానేసి మిగిల్చుకున్న సమయం చాలాసార్లు పుస్తకానికి చేరదు. ఎనిమిది గంటలు పనిచేసి వచ్చినవారు వెంటనే పుస్తకం తెరిస్తే కళ్లు అక్షరాల మీద ఉంటాయి, మనసు ఉండదు. ఒకే పేజీ మూడుసార్లు చదువుతారు. కొద్దిసేపు చురుగ్గా నడిస్తే శరీరంలో రక్తప్రసరణ పెరుగుతుంది, మత్తు వదులుతుంది, దిగులు తగ్గుతుంది, రాత్రి నిద్ర బాగా పడుతుంది. చదివినది జ్ఞాపకంలో నిలదొక్కుకోవడానికి నిద్ర అవసరం. కాబట్టి నడక మానేసినవారు ఆ రోజు చదువులో కూడా కొంత నష్టపోతారు.

ఇక శరీరానికి జరిగే నష్టం సంగతి. లండనులో జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించి 1953లో ఒక అధ్యయనం ప్రచురించారు. డ్రైవరు పనివేళంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లు ఎక్కి దిగుతూ ఉంటాడు. ఇద్దరిదీ ఒకే బస్సు. అయినా గుండెజబ్బు డ్రైవర్లలో ఎక్కువగా కనబడింది. పగలు కౌంటరులోనో కంప్యూటరు ముందో కూర్చుని, రాత్రి మళ్లీ చదువు బల్ల ముందు కూర్చునేవారు రెండు పూటలా డ్రైవరు సీట్లోనే ఉన్నారని గుర్తుంచుకోవాలి.

ఎంత చేస్తే సరిపోతుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అవసరం. 300 నిమిషాల వరకు చేస్తే ఇంకా మేలు. వారానికి రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కూడా చేయాలి. 150 నిమిషాలంటే రోజుకు 30 నిమిషాల చొప్పున 5 రోజులు.

మధ్యస్థం అంటే ఎంత వేగం? నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేనంత ఆయాసం ఉండాలి. పాట పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచండి. మాట కూడా రాకపోతే తగ్గించండి.

ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అని ఇదివరకు చెప్పేవారు. 2020 సూచనల్లో ఆ నియమం తీసేశారు. ఎంత కొంచెమైనా లెక్కలోకి వస్తుంది. తీరిక లేనివారికి ఇది మంచి వార్త.

వారం లెక్క వేసుకోండి

"టైం లేదు" అనేవారి చేతికి మేము ఒక కాగితం, పెన్ను ఇస్తాము. మీరు కూడా వేసి చూడండి.

వారానికి 168 గంటలు. రోజుకు 8 గంటల చొప్పున 6 రోజుల ఉద్యోగానికి 48 గంటలు. రానూపోనూ రోజుకు గంటన్నర చొప్పున 9 గంటలు. రోజుకు 7 గంటల నిద్ర చొప్పున 49 గంటలు. స్నానం, భోజనం, ఇంటి పని రోజుకు మూడున్నర గంటల చొప్పున 24న్నర గంటలు. అన్నీ కలిపితే 130న్నర. ఇంకా 37న్నర గంటలు మిగిలాయి.

చదువుకు రోజుకు 2 గంటలు, ఆదివారం 5 గంటలు పెట్టుకుంటే వారానికి 17 గంటలు. నడకకు రెండున్నర గంటలు, బలాన్నిచ్చే వ్యాయామానికి అరగంట, మొత్తం 3 గంటలు. అవి తీసేసినా ఇంకా 17న్నర గంటలు ఉన్నాయి. అందరి లెక్కా ఒకలా ఉండదు. చంటిబిడ్డ తల్లికి, నైట్ డ్యూటీలు చేసేవారికి ఈ లెక్క సరిపోదు. వారు కింద చెప్పిన పది నిమిషాల పద్ధతి పాటించవచ్చు.

పాటించవలసిన పద్ధతి

1. ముందు నిద్ర, తర్వాత నడక. రాత్రి ఒంటిగంట వరకు చదివి, తెల్లవారుజామున నాలుగున్నరకు నడకకు లేవవద్దు. నిద్ర తగ్గించి చేసే వ్యాయామం ఎక్కువ రోజులు నిలవదు. అలాంటి రోజు సాయంత్రం 10 నిమిషాలు నడిస్తే చాలు.

2. నడకను చదువుకు ముందు పెట్టుకోండి. ఇంటికి రాగానే బట్టలు మార్చుకుని కుర్చీలో వాలితే మళ్లీ లేవలేరు. ఒక స్టాపు ముందే బస్సు దిగి నడిచి రండి. మంచినీళ్లు తాగి, స్నానం చేసి చదువుకు కూర్చోండి.

3. తీరిక లేనివారికి మూడు పదులు. ఉదయం 10 నిమిషాలు, మధ్యాహ్నం భోజనం తర్వాత 10, సాయంత్రం 10. మేడ మెట్లు ఎక్కి దిగడం కూడా లెక్కే.

4. వారానికి రెండు రోజులు, పావుగంట చొప్పున బలానికి. చేతులు ఆనించకుండా కుర్చీ నుండి లేచి కూర్చోవడం 10 సార్లు. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి రావడం 10 సార్లు. మడమలు ఎత్తి దించడం 10 సార్లు. కొంచెం ఆగి మరోసారి. దీనికి జిమ్ము అవసరం లేదు.

5. చదివేటప్పుడు అరగంటకు ఒకసారి లేవండి. రెండు నిమిషాలు అటూ ఇటూ తిరగండి, మెడ, భుజాలు కదిలించండి, కిటికీలోంచి దూరంగా చూడండి. మెడనొప్పితో మా ఫిజియోథెరపీకి వచ్చే చదువరులకు మొదట చెప్పేది ఇదే.

6. నైట్ డ్యూటీవారు డ్యూటీ దిగాక ముందు నిద్రపోవాలి. లేచిన తర్వాత, సాయంత్రం చదువుకు ముందు నడవాలి. పడుకోబోయే గంటలో ఆయాసం వచ్చే వ్యాయామం చేయవద్దు.

7. పరీక్షకు ముందు నెలలో నడక తగ్గించవచ్చు, పూర్తిగా మానవద్దు. రోజుకు 15 నిమిషాలైనా ఉంచుకోండి. చివరి వారంలో అలవాటు లేని ఆటలు, కొత్త వ్యాయామాలు మొదలుపెట్టవద్దు. కాలు బెణికితే ఇబ్బంది. పరీక్ష రోజు ఉదయం 10 నిమిషాల తేలిక నడక చాలు.

వేసవిలో ఎండ ముదరకముందే, అంటే ఉదయం ఏడు లోపు నడవండి. లేకపోతే పొద్దుగూకిన తర్వాత నడవండి.

మమ్మల్ని అడిగే ప్రశ్నలు

డ్యూటీలో, ఇంటి పనిలో రోజంతా తిరుగుతూనే ఉంటాం. అది చాలదా?
అది కూడా మంచిదే, లెక్కలోకి వస్తుంది. కానీ ఎక్కువ భాగం నాలుగు అడుగులు వేసి ఆగే పని. ఆయాసం వచ్చేంత వేగం అందులో తక్కువ. అందుకని రోజుకు కనీసం 10, 15 నిమిషాలు ఆగకుండా చురుగ్గా నడవండి.

ఆదివారం ఒక్కరోజే బాగా ఆడితే?
అసలు చేయకపోవడం కంటే మేలు. అయితే ఆరు రోజులు కూర్చుని ఏడో రోజు గట్టిగా ఆడితే కండరాలు పట్టేస్తాయి, దెబ్బలు తగులుతాయి. మిగిలిన రోజుల్లో కొంచెమైనా నడవండి.

నడుస్తూ పాఠాలు వినవచ్చా?
ఆవరణలో, మేడ మీద అయితే వినవచ్చు. రోడ్డు మీద చెవుల్లో ఏమీ పెట్టుకోవద్దు. వారానికి రెండు రోజులైనా ఏమీ వినకుండా నడవండి. మనసుకు కూడా విశ్రాంతి కావాలి.

ఎంత పడుకున్నా అలసటగా ఉంటోంది. చదువు వల్లేనా?
కాకపోవచ్చు. మన ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువ. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 గ్రాములైనా ఉండాలి. థైరాయిడ్ లోపం వల్ల కూడా అలసట వస్తుంది. వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి.

జాగ్రత్త

గుండెజబ్బు, బి.పి., షుగరు, ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. షుగరుకు ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో ఎక్కువసేపు నడవవద్దు. జేబులో పంచదారగానీ గ్లూకోజుగానీ ఉంచుకోండి. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, బరువు, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం ఉంటే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి. వయసు తక్కువ కదా అని ఊరుకోవద్దు.

ఆ అమ్మాయి సంగతి

మా తప్పు ఒప్పుకుని, ఆమెతో మళ్లీ నడక మొదలుపెట్టించాము. రోజుకు అరగంట, తీరిక లేని రోజు మూడు పదులు. మొదటి రెండు వారాలు మేము కూడా తోడు నడిచాము. నడకలో సగం రోజులు పరీక్షకు కావలసిన ఇంగ్లీషు సంభాషణలు వింటూ తిరిగేది. ఆరు నెలల తర్వాత బరువు 4 కిలోలు తగ్గింది, పరగడుపున షుగరు 97కు వచ్చింది. రెండోసారి రాసిన పరీక్షలో నాలుగు భాగాలూ గట్టెక్కింది. నడక వల్లే పాసయిందని మేము చెప్పము. రెండోసారి రాసేవారికి అనుభవం కూడా తోడుంటుంది. కానీ నడక వల్ల చదువు పాడవలేదని మాత్రం ధైర్యంగా చెప్పగలము. ఏటా షుగరు పరీక్ష చేయించుకోమని ఆమెకు చెప్పి పంపాము.

ఇంట్లోవారికి ఒక మనవి

పరీక్ష దగ్గరకు వచ్చాక బిడ్డ నడకకు బయలుదేరితే "పుస్తకం వదిలేసి తిరుగుతున్నావా?" అని అనకండి. ఆ మాట పడలేకే చాలామంది నడక మానేస్తున్నారు. వీలైతే మీరు కూడా చెప్పులు వేసుకుని వెంట వెళ్లండి. కోడలు చదువుకుంటుంటే ఆ అరగంట చంటిబిడ్డను ఎత్తుకోండి. సాయంత్రం బజ్జీలకు బదులు గుప్పెడు ఉడికించిన శనగలు, ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వండి. రాత్రి మూడోసారి టీ అడిగితే ఇవ్వకుండా పడుకోమని చెప్పండి.

ఈ వారం అభ్యాసం

1. మీ 168 గంటల లెక్క కాగితం మీద వేయండి.
2. రేపు ఏ వేళ, ఎక్కడ, ఎవరితో నడుస్తారో ఈ రాత్రే రాసుకోండి.
3. నడిచిన ప్రతిరోజూ క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఒకరోజు తప్పితే బాధపడవద్దు. రెండో రోజు తప్పకుండా చూసుకోండి.

పరీక్ష ఈసారి కాకపోతే మళ్లీ రాయవచ్చు. ఆరోగ్యం ఒకసారి దెబ్బతింటే తిరిగి తెచ్చుకోవడం కష్టం. చదువుకునే మీ అందరికీ మా శుభాకాంక్షలు.

నర్సింగ్ సూపరింటెండెంట్ మరియు నర్సింగ్ విభాగం