వచనమే గీటురాయి
(పిల్లలకు సత్యబోధను, మిథ్యాబోధను వేఱు చేసి చూచుట నేర్పు పాఠము)

ఒక లింగవంతుల యింట పండ్రెండేండ్ల బాలిక క్రొత్తగా ఋతుమతి యైనదనుకొందము. చుట్టపుచూపుగా వచ్చిన యొక పెద్దమ్మ ఆ బిడ్డను పిలిచి, “మెడలోని లింగము తీసి గూటిలో పెట్టుము. అయిదు దినములు దానిని ముట్టరాదు. ముట్టితివా, ఇంటికి అరిష్టము” అని చెప్పెను. బిడ్డ తల్లి ముఖము చూచి, “అమ్మా! దీక్షనాడు గురువుగారు, ప్రాణమున్నంతవరకు లింగమును మేనినుండి వేఱు చేయరాదని చెప్పిరి గదా! ఇప్పుడు తీయుమనుచున్నారు. ఏది నిజము?” అని యడిగెను. తల్లి యేమియు పలుకలేకపోయెను.

ఇట్టి సంగతి యే యింటనైనను జరుగవచ్చును. ఆ బాలిక ప్రశ్న చక్కనిది. తల్లి మౌనమే విచారింపదగినది. పెద్దలు మౌనము వహించినచో పిల్లలు రెండింటిలో నొకటి నేర్తురు: గురువు మాట దీక్షనాటికి మాత్రమే యనియో, మతమనగా భయమే యనియో. రెండును హానికరములే.

ప్రశ్నించుట దోషము కాదు

పెద్దల మాటను పరీక్షించుట అవిధేయత యని కొందఱి తలంపు. శరణుల చరిత్రలు అట్లు చెప్పుట లేదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమునందు, ఉపనయన సమయమున బాలుడైన బసవన్న తండ్రి మాదిరాజుతో వాదించి ఆ సంస్కారమును నిరాకరించెను. శివభక్తుడైన తనకు ఆ కర్మతో పనిలేదని యాతని వాదము. బాలుడు కారణము చూపి కాదనెను. ఈ కథను భక్తితో చదువుకొను వారమే మన యింటి బిడ్డ కారణమడిగినప్పుడు కసరుట తగునా?

అయితే ప్రశ్నించుటకు ఆధారము కావలెను. లోకమునందలి అసత్యములన్నిటికి జాబితా వ్రాసి పిల్లలచే వల్లె వేయించుట సాధ్యము కాదు. ఏటికొక క్రొత్త అసత్యము పుట్టుచునే యుండును. కావున చేతికి గీటురాయి నీయవలెను. ఆ గీటురాయి వచన వాఙ్మయము. దానిపై గీచి చూచుటకు మూడు ప్రశ్నలు చాలును.

మొదటి ప్రశ్న: ఇది యెవరి మాట?

నేడు చేతిఫోనులలో “బసవన్న చెప్పెను” అను పేరిట ఎన్నియో వాక్యములు తిరుగుచున్నవి. వానిలో కొన్ని నిజముగా వచనములు, కొన్ని కావు. పండ్రెండవ శతాబ్దిలో కల్యాణమున శరణులు తమ వచనములకు అంకితములు పెట్టుకొనిరి. బసవన్న అంకితము కూడలసంగమదేవ. అల్లమప్రభువు అంకితము గుహేశ్వర. అక్కమహాదేవి అంకితము చెన్నమల్లికార్జున. చెన్నబసవన్న అంకితము కూడలచెన్నసంగమదేవ. సిద్ధరాముని అంకితము కపిలసిద్ధమల్లికార్జున. ఎనిమిదేండ్ల పిల్లలు కూడ వీనిని ఆటగా నేర్చుకొనగలరు. ఒకరు అంకితము చెప్పగా మఱియొకరు శరణుని పేరు చెప్పవలెను.

అంకితమెంత ముఖ్యమో ఒక వివాదమునుబట్టి తెలియును. బసవన్న వచనములలో “కూడలసంగమదేవ” యను అంకితమునకు మాఱుగా వేఱొక పదము చేర్చి ముద్రించిన గ్రంథమును కర్ణాటక ప్రభుత్వము 1998లో నిషేధించెను. ఆ నిషేధమును సుప్రీంకోర్టు 2017లో సమర్థించెను. ఒక్క పదము కొఱకు ఇంతకాలము వాదము సాగినది. మూలమును మార్చుటను సమాజము ఎంత తీవ్రముగా తలంచునో దీనివలన గ్రహింపవచ్చును.

కావున పిల్లవాడొక వాక్యమును తెచ్చి చూపినప్పుడు, “దీని అంకితమేది? ఏ సంపుటమున నున్నది?” అని యడుగవలెను. ఫ.గు. హళకట్టిగారు తాళపత్రములు సేకరించి 1923లో ‘వచనశాస్త్రసార’మును ప్రకటించిరి. తరువాత కర్ణాటక ప్రభుత్వము సమగ్ర వచన సంపుటములను 15 భాగములుగా వెలువరించెను. కన్నడము తెలిసిన పెద్దలు వీనిలో వెదకి చూపవలెను. దొరకనిచో “దీనిని బసవన్న మాటయని చెప్పవద్దు” అని నేర్పవలెను.

రెండవ ప్రశ్న: శరణుల ఆచారముతో పొసగునా?

అంకితమును ఎవరైనను అరువు తెచ్చుకొనవచ్చును. అందువలన ఈ రెండవ ప్రశ్న. శరణులు నడచిన నడతకు విరుద్ధమైన మాట ఏ పేరుతో వచ్చినను అంగీకరింపరాదు.

“ఫలానివారి యింట నీరు త్రాగరాదు, వారిది తక్కువ కులము” అని యొకరు చెప్పిరనుకొందము. పిల్లలకు మాదార చెన్నయ్య కథ చెప్పవలెను. బసవపురాణమున శివుడు ఆ మాదార భక్తుని యింట అంబలి ఆరగించెను. కరికాలచోళుని రాజభోజనమున కంటె అదియే స్వామికి రుచించెను. హరళయ్య, మధువయ్యల కథయు చెప్పవలెను. కులమును త్రోసి వియ్యమందినందుకు వారు ప్రాణములు గోల్పోయిరని సంప్రదాయము చెప్పుచున్నది. ఇంత వెల యిచ్చి పెద్దలు నిలిపిన ఆచారమును ఒక్క మాటతో వదలుకొనుట తగదని పిల్లలకు తోచును.

ఇక ఆ బాలిక సంగతి. వీరశైవ సిద్ధాంతము జాతి, జనన, ప్రేత, రజః, ఉచ్ఛిష్టములను పంచసూతకములు లింగధారికి లేవని చెప్పును. లింగము నిత్యము అంగముపై నుండగా ఆ అంగమునకు అశుద్ధి యెక్కడిది? ఉన్నదన్నచో లింగమునకు పావనము చేయు శక్తి లేదన్నట్లే యగును. కావున “లింగము తీసి గూటిలో పెట్టుము” అను మాట, చెప్పినవారు ఎంత ఆప్తులైనను, శరణుల మార్గము కాదు.

మూడవ ప్రశ్న: ఇది మనలను ఎచ్చటికి కొనిపోవును?

మిథ్యాబోధకు సాధారణముగా రెండు చేతులుండును. ఒక చేత భయము చూపును, రెండవ చేత లాభము చూపును. “ఈ సందేశమును పదునొకండుగురికి పంపుము, లేనిచో కీడు” అనును. “నీ లింగమునకు శాంతి చేయింపుము, ఇంత రొక్కమగును” అనును. శరణుల బోధ ఇందుకు భిన్నముగా మనుష్యుని కాయకమునకు, దాసోహమునకు నడిపించును. దాసోహమనగా తాను శ్రమించి యార్జించినదానిని మనస్ఫూర్తిగా సమర్పించుట. భయపెట్టి రాబట్టినది దాసోహము కాదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ యిక్కడ చెప్పదగినది. నేలరాలిన బియ్యము ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడాతడు నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ తెచ్చెను. లక్కమ్మ దానిని ఆశయని యెంచి, మిగిలినది తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. భర్తయైనను తప్పు తప్పేయని చెప్పిన ఆమెను శరణులు గౌరవించిరి. మతము పేరున అవసరమునకు మించి యడుగువారు వచ్చినప్పుడు పిల్లలకు లక్కమ్మ జ్ఞప్తికి రావలెను.

రెండు జాగ్రత్తలు

పరీక్ష వేఱు, నింద వేఱు. అన్యమతస్థుల పూజను పరిహసించుట, వయోవృద్ధులను నలుగురిలో అవమానించుట ఈ పాఠము ఫలితము కారాదు. “స్వామీ, ఇది ఏ వచనమున నున్నదో సెలవిండు” అని వినయముగా నడుగుట చాలును. నిజమైన గురువు ఈ ప్రశ్నకు సంతోషించును.

రెండవది పెద్దలకు. పిల్లలు ఈ గీటురాయిపై మొదట గీచి చూచునది బయటివారి మాటను కాదు, మన యింటి యలవాటునే. అట్టి యెడ “మన యింట ఇదియే ఆచారము” అని నోరు మూయించినచో పాఠమంతయు వ్యర్థము. “ఇన్నాళ్లు తెలియక చేసితిమి, ఇకమీదట దిద్దుకొందము” అని చెప్పగల తల్లిదండ్రులే పిల్లలకు తొలి గురువులు.

ఆ తల్లి తిరిగి ఆలోచించి, బిడ్డను చెంతకు తీసికొని, “లింగము నీ మెడలోనే యుండనిమ్ము. నా చిన్ననాట నన్నును తీయుమనిరి, నేను తీసితిని. నీవడిగినట్లు నాకు అడుగ తోచలేదు” అని చెప్పినచో ఆ యింట మిథ్యాబోధకు ఇక తావుండదు.

అభ్యాసము

1. అయిదుగురు శరణుల అంకితములు చెప్పుడు.
2. పంచసూతకములేవి? లింగధారికి అవి యేల లేవు?
3. లక్కమ్మ బియ్యమును తిరిగి పోయుమనుటకు కారణమేమి?
4. ఈ వారము మీరు విన్న మతవిషయమైన మాటనొకదానిని మూడు ప్రశ్నలతో పరీక్షించి, ఇంటిల్లిపాది యెదుట చెప్పుడు.

శరణు శరణార్థి.