జాకెట్ కంటే ముందు గ్లవ్స్

అమ్మడూ,

లెర్నర్ లైసెన్స్ వచ్చిందని, ఇక మంచి రైడింగ్ జాకెట్ కొనుక్కుంటానని రాశావు. చాలా సంతోషం. హెల్మెట్ సంగతి చట్టమే తేల్చేసింది: 2021 జూన్ నుంచి ఐఎస్ఐ మార్కు లేని బండి హెల్మెట్ మన దేశంలో అమ్మకూడదు. మెడ దిగువన మాత్రం ఎవరి జాగ్రత్త వాళ్లదే.

చాలామంది జాకెట్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. చేతులకేమో ఏమీ ఉండదు, కాళ్లకు మామూలు జీన్స్. పడబోయే మనిషి తనకు తెలియకుండానే చేతులు చాపుతాడు. అరచేయి కొట్టుకుపోతే తిండి కూడా ఇంకొకరు తినిపించాల్సిందే. ఆస్ట్రేలియాలో లిజ్ డి రోమ్ అనే పరిశోధకురాలి బృందం ప్రమాదాలకు గురైన 212 మంది రైడర్లను పరిశీలించి 2011లో ఫలితాలు ప్రచురించింది. రైడింగ్ జాకెట్ వేసుకున్నవాళ్లలో ఆస్పత్రిలో చేరాల్సి వచ్చే అవకాశం 21 శాతం తక్కువగా కనిపించింది. అదే ప్యాంటుతో 51 శాతం, గ్లవ్స్‌తో 59 శాతం! చేతిలో డబ్బు తక్కువగా ఉంటే ముందు గ్లవ్స్, తర్వాత ప్యాంటు, ఆపైనే జాకెట్ అనడం అందుకే.

అదే అధ్యయనంలో మరో చేదు నిజం కూడా ఉంది. వేసుకున్న జాకెట్లు, ప్యాంట్లు, గ్లవ్స్‌లో నాలుగో వంతుకు పైగా తీరా పడ్డప్పుడు నిలవలేదు. కాబట్టి పేరు చూసి కొంటే చాలదు.

షాపుల్లో 'సీఈ ఆర్మర్ ఉంది' అని చెబుతారు. ఆ మాట లోపలి ప్యాడ్ల గురించి మాత్రమే; పై బట్ట రాపిడికి ఎంత నిలుస్తుందో అది చెప్పదు. బట్ట సంగతి తెలియాలంటే లోపల కుట్టిన లేబుల్ మీద ఈఎన్ 17092 అనే అంకె, దాని పక్కన ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అనే తరగతి వెతకాలి. ట్రిపుల్ ఏ అన్నిటికన్నా గట్టిది. రోజూ ఆఫీసుకు వెళ్లొచ్చే మనిషికి డబుల్ ఏ దొరికితే అంతకంటే కావలసింది లేదు.

ఇక కొలత. గ్లవ్ తొడిగి, మణికట్టు పట్టీ బిగించి, రెండో చేత్తో వేళ్ల కొసలు పట్టి గట్టిగా లాగి చూడాలి. ఊడి వచ్చిందంటే రోడ్డు మీద కూడా ఊడుతుంది. జాకెట్‌ను నిలబడి కాదు, హ్యాండిల్ పట్టుకుని కూర్చున్నప్పుడు చూడాలి: మోచేతి ప్యాడ్ సరిగ్గా మోచేతి మీదే ఉండాలి, చేత్తో తిప్పితే పక్కకు జరగకూడదు. మోకాలి ప్యాడ్‌కూ ఇదే పరీక్ష.

మన ఎండల మాటేమిటంటావా? రామగుండంలో మే నెల మధ్యాహ్నం మందపాటి జాకెట్ ఎవరూ వేసుకోరు, కొక్కేనికే వేలాడుతుంది. ఆస్ట్రేలియాలో 2018లో మొదలైన మోటోక్యాప్ అనే కార్యక్రమం రక్షణకు, వేడిలో సౌకర్యానికి వేర్వేరుగా స్టార్లు ఇవ్వడానికి కారణం ఇదే. వలబట్ట జాకెట్లు హాయిగా ఉంటాయి గానీ, అన్నిచోట్లా వలే ఉంటే నిలవవు. భుజాలు, మోచేతులు గట్టి బట్టతో, ఛాతీ వల బట్టతో ఉన్నది వెతుకు.

బూట్లు చీలమండ దాటి ఉండాలి, లేసులు లోపలికి దోపాలి. చున్నీ అయితే అసలు వద్దు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రాన్నైనా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది చెబుతుంది. నీ స్నేహితురాలిని ఎక్కించుకునే ముందు ఆ గార్డు బండికి ఉందో లేదో చూసుకో. గ్లవ్స్ కొన్నాక ఏ సైజు సరిపోయిందో రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న