కొయ్య పడవ - గురుశిష్య విద్య

శేషాచలం నీడలో చదువుకునే మనకు పడవలతో పని ఏమి అని విద్యార్థులు అడుగవచ్చు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగి సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలో చేరింది. దానితో పులికాట్ సరస్సులోని ఆంధ్ర భాగం మన జిల్లాలోనిదయింది. కనుక ఈ విషయం మనకు పరాయిది కాదు.

తెలుగువారి నౌకా విద్య ప్రాచీనమైనది. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేలపై రెండు తెరచాప స్తంభాల ఓడ కనిపిస్తుంది. గోదావరి ముఖద్వారాన కోరంగి రేవు ఓడల నిర్మాణానికి పేరొందింది. 1839 నవంబరు తుపానులో ఆ రేవు ధ్వంసమైనా విద్య నశించలేదు. సమీపంలోని తాళ్ళరేవు ప్రాంతంలో వడ్రంగులు దానిని నిలుపుకున్నారు. రేవు పోయింది కాని, పనివాని చేయి మిగిలింది.

నేటి ప్రమాదం వేరు. ఫైబరు పడవ తేలిక, దానికి కొయ్య పడవవలె తరచు సందులు పూడ్చే పని లేదు. జాలరి దానిని కోరుకోవడం తప్పు కాదు. అయితే కొయ్య పడవ కొలతలు పెక్కు కాగితంపై లేవు, పెద్దమేస్త్రి కంటిలో, చేతిలో ఉన్నవి. శిష్యుడు లేకుంటే ఆయనతోనే అవి అంతరిస్తాయి. ఉర్దూలో ఉస్తాద్-షాగిర్ద్ అని మనం చెప్పుకునే బంధమే ఇక్కడ గ్రంథాలయం.

ఇందుకు ఉపాయం మన చెంతనే ఉన్నది. శ్రీకాళహస్తి కలంకారీ క్షీణిస్తున్న దశలో, 1950లలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ కేంద్రం ఏర్పడింది. ఆ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. పడవ విషయంలోనూ లోకం మేల్కొన్నది. ఉత్తర ఐరోపా దేశాల కొయ్య పడవల సంప్రదాయాన్ని 2021లో యునెస్కో తన జాబితాలో చేర్చింది. కేరళ పనివారు పలకలను తాళ్ళతో కుట్టి నిర్మించిన కౌండిన్య నౌక 2025లో భారత నౌకాదళంలో చేరింది.

వీటినుండి మనం గ్రహించవలసినవి మూడు. పెద్దమేస్త్రికి గురువుగా గౌరవ వేతనం ఉండాలి. నేర్చుకునే కాలంలో శిష్యునికి భృతి ఉండాలి. కట్టిన పడవకు విహారానికో, చేపల వేటకో గిరాకీ ఉండాలి. మూడవది లేనిచో మొదటి రెండూ నిలువవు. ప్రదర్శనశాలలోని పడవ రూపాన్ని కాపాడుతుంది కాని విద్యను కాపాడదు.

కళాశాల చేయగల పని స్వల్పమైనా విలువైనదే. ఏటా ఒకసారి పులికాట్ తీరానికి విద్యార్థులను పంపి, పడవ భాగాల పేర్లను, కొలతలను వ్రాయించి భద్రపరచవలసినదిగా యాజమాన్య సంఘాన్ని కోరుతున్నాము. మాట పోయిన తరువాత వస్తువును గుర్తించేవారు ఉండరు.