నాలుగు మంచులు - ఒక మోటారు సైకిలు

పుష్యమాసపు వేకువన మన కంభంలో “మంచు పడుతున్నది” అని ఎవరైన అన్నచో, మోటారు సైకిలు నడుపువానికి ఆ మాట చాలదు. తెలుగు వ్యవహారములో అన్నిటికీ మంచు అనియే పేరు. మన కళాశాల ప్రాంగణమున తెలుగుతోపాటు వినవచ్చు ఉర్దూలో మాత్రము కంటికి అడ్డుపడునది కోహ్రా, గడ్డిపరకపై నిలుచునది షబ్నం, తెల్లగా పేరుకొనునది పాలా, గడ్డకట్టినది బర్ఫ్. రోడ్డుపై ఈ నాలుగును నాలుగు విధములైన ప్రమాదములు. అర్ధవీడు, బేస్తవారిపేట, రాచర్ల వైపుల నుండి పరీక్షల వేళ చీకటితోనే బండిపై బయలుదేరు మిత్రులను తలచుకొని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కోహ్రా సంగతి అందరికీ తెలిసినదే. కొండల నడుమ గుండ్లకమ్మ నీటితో నిండిన మన చెరువు ప్రక్కన గాలి కదలని తెల్లవారుజామున అది తెరవలె నిలుచును. పెద్దలైటు వేసినచో వెలుతురు తిరిగి మన కన్నులలోనే పడును; చిన్నలైటే మేలు. కనబడినంత దూరములో బండి ఆగగలిగినంత వేగమే వేగము.

అసలు మోసకారి షబ్నం. నిర్మలాకాశమున్న రాత్రి భూమి తన వేడిని పైకి వదలివేయును. వాతావరణ కేంద్రము చెప్పు ఉష్ణోగ్రత నేలకు మీటరుకు పైగా ఎత్తున కొలిచినది. రోడ్డు అంతకన్న కొన్ని డిగ్రీలు చల్లగా ఉండవచ్చును. అందుచేత బండి తీయుటకు ముందు పెట్రోలు ట్యాంకుపై అరచేయి వేసి చూడవలెను. చేయి తడిసినచో రోడ్డును శంకింపవలెను. జోరువాన దుమ్మును కడిగివేయును. మంచుతడి కడుగదు, దుమ్మును జారుడు పూతగా మార్చును. గిద్దలూరు నుండి నంద్యాలకు పోవు నల్లమల ఘాటులో రాలిన ఆకులు, లారీల నుండి కారిన డీజిలు చుక్కలు దానికి తోడగును. పలకల పొడి పడిన చోటును మార్కాపురము వారికి మేము చెప్పనక్కరలేదు.

పాలా మన వైపు కానరాదు. కాని ఆంధ్రదేశములోనే, చింతపల్లి మండలములో సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉన్న లంబసింగిలో ఉష్ణోగ్రత కొన్ని శీతకాలములలో 0 డిగ్రీల దరికి దిగును. ఆ ఊరికి కొర్రబయలు అను మరియొక పేరు కలదు. ఆరుబయట ఉన్నవాడు కొర్రవలె బిగుసుకొనునని దాని భావమట! వినోదమునకై అచటికి బండ్లపై పోవు యువకులు ఈ పేరును ఒకసారి తలచుట మంచిది.

ఇక బర్ఫ్. అమెరికా, కెనడాలకు చదువులకు పోవు మనవారికిని, లడక్‌లో కొలువు చేయు జవానులకును ఇది నిత్యానుభవము. అద్దమువలె పలుచనై రోడ్డు రంగే కనబడు మంచుపొర అన్నిటికన్న భయంకరము. లెక్క చూడుడు: గంటకు 40 కిలోమీటర్ల వేగమున పొడిరోడ్డుపై బ్రేకు పట్టిన పిదప బండి సుమారు 9 మీటర్లలో ఆగును, మంచుగడ్డపై 60 మీటర్లు దాటును. అదియును బండి పడకుండ నిలిచినచో! రోడ్డు తడిగా కనబడుచున్నను ముందు బండి చక్రముల నుండి తుంపరలు లేవకున్నచో, టైరు చప్పుడు హఠాత్తుగా సన్నగిల్లినచో అది నీరు కాదు. క్రిందనుండి కూడ గాలి తగులుటచే వంతెన ముందుగా గడ్డకట్టును. గాలి 3 డిగ్రీలున్నను రోడ్డు సున్నకు దిగియుండవచ్చును. అట్టి చోట బ్రేకు జోలికి పోక, బండిని వంచక, ఆక్సిలరేటరును మెల్లగా తగ్గించుటయే ఉపాయము. అంతకన్న మంచి ఉపాయము ఆనాడు బస్సెక్కుట.

రోడ్డును ఇంతగా పరీక్షించు మనము మన వ్రేళ్లను మరతుము. చలిగాలికి మొద్దుబారిన వ్రేళ్లు బ్రేకును ఒక్క సెకను ఆలస్యముగా పట్టినచో అదే 40 వేగమున బండి 11 మీటర్లు ముందుకు పోవును. చొక్కాలోపల వార్తాపత్రిక దోపుకొను మన పాత అలవాటు రొమ్మును కాపాడును గాని చేతులను కాపాడదు. చేతితొడుగులు లేనివాడు దారిలో టీకొట్టు వద్ద ఆగి, వేడి గ్లాసును రెండు చేతుల పట్టుకొని, వ్రేళ్లు మడచి తెరచి చూచుకొని మరల బయలుదేరవలెను. ఘాటులో ఎండ తగిలిన మలుపు ఆరియుండును; దాని తరువాతి నీడ మలుపు తొమ్మిది గంటలకును తడిగానే ఉండవచ్చును.