తరగతి పుస్తకమా, స్థాయి పుస్తకమా?

ప్రశ్న: మా బాబు మూడో తరగతి. ఒత్తు కనిపిస్తే చాలు, ఆగిపోతాడు. బడి మాన్పించి ఇంట్లోనే వర్క్‌బుక్కులతో చెబుదామనుకుంటున్నాం. తెనాలి వెళ్లి ఏవి కొనమంటారు?
– ఓ తల్లి, రేపల్లె

జవాబు: మూడో తరగతి సెట్టు మొత్తం ఒకేసారి కొనేయడం తొందరపాటే. అక్షరాలు, గుణింతాలు, ఒత్తుల్లేని మాటలు, ఒత్తులున్న మాటలు, చిన్న పేరా... ఈ వరసలో చదివిస్తే పిల్లాడు ఎక్కడ ఆగుతున్నాడో తేలిపోతుంది. ప్రథమ్ అనే స్వచ్ఛంద విద్యా సంస్థ పిల్లల్ని తరగతిని బట్టి కాక స్థాయిని బట్టి కూర్చోబెట్టేది ఇందుకే. ‘పలక’ గడగడా చదివి ‘పక్క’ దగ్గర తడబడే బాబుకు ఒకటో తరగతి పుస్తకమే సరైనది. చిన్నతనంగా అనిపించకుండా అట్ట మీది అంకెపై కాగితం అతికిస్తే సరి.

పేజీ నిండా ఖాళీలు పూరించేవే ఉన్న పుస్తకం వద్దు. పై వాక్యం చూసి జవాబు దించేస్తాడు, చదవడం మాత్రం రాదు. పేజీకి ఒకే కొత్త ఒత్తు, పెద్ద అక్షరాలు, బిగ్గరగా చదవడానికి నాలుగు వాక్యాలు ఉన్నది ఎంచుకోవాలి.

లెక్కలకు వేరే ఖర్చెందుకు? రాష్ట్ర పాఠ్యపుస్తకాలు 2020-21 నుంచి ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్‌తో వస్తున్నాయి, అవే చాలు. లెక్కను తల్లి చదివి వినిపిస్తే బాబు చేసేస్తున్నాడంటే ఇబ్బంది చదవడంలోనే.

బడి మాత్రం ఇప్పుడే మాన్పించవద్దు. 14 ఏళ్లు నిండాక ఓపెన్ స్కూల్లో పది రాసే దారి ఎలాగూ ఉంది. ఇంతా చేసినా ఒత్తుల దగ్గర ఇబ్బంది తగ్గకపోతే కారణం ఏమిటో చూపించుకోవాలి. డిస్లెక్సియా లాంటి అభ్యసన వైకల్యాలను 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించింది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం దగ్గర్లో ఎక్కడుందో మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో ముందు అడగాలి.