కీలు మాటలు పట్టుకుంటే పేరా అర్థమవుతుంది

పిల్లలు ఇంగ్లీషు పేరాను గడగడా చదివేస్తారు. వింటున్న మనకు ముచ్చటేస్తుంది. పుస్తకం మూసి "ఇందులో ఏం చెప్పారు?" అని అడిగితే మాత్రం బిక్కమొహం వేస్తారు. సీబీఎస్‌ఈ పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో 80 మార్కులకు 20 ఇలా పేరా చదివి జవాబు రాసేవే. మన ఇళ్లలో చాలామంది పిల్లలు రాసే ఐబీపీఎస్ క్లర్కు ప్రిలిమ్స్‌లో 30 ఇంగ్లీషు ప్రశ్నలకు ఇచ్చేది 20 నిమిషాలే. అమ్మానాన్నల బదిలీ వల్ల తెలుగు మీడియం బడి వదిలి ఢిల్లీ వచ్చిన పిల్లలకైతే సైన్సు, సోషల్ కూడా ఈ నేర్పు మీదే ఆధారపడతాయి.

సాకేత్‌లో ఆదివారాలు మన సిబ్బంది పిల్లలు కొందరితో కూర్చుని చదివిస్తుంటాను. నేను గమనించినంతలో వాళ్లను తికమక పెట్టేవి పెద్ద మాటలు కావు. 'ఇవాపరేషన్' తెలియకపోతే అడుగుతారు. 'బికాజ్', 'హవెవర్', 'అన్‌లెస్' లాంటి చిన్న మాటలను తెలుసులే అనుకుని దాటేస్తారు. వీటిని నేను కీలు మాటలంటాను. తలుపు కీలు మీద తిరిగినట్టు వాక్యం వీటి మీద తిరుగుతుంది. తెలుగులో ఈ మలుపు మాట చివర వస్తుంది: 'పొడిగా ఉంది కాబట్టి', 'ఎండలో ఉన్నా', 'తెరిస్తే తప్ప'. ఇంగ్లీషులో ముందే వచ్చేస్తుంది. చివర వినడానికి అలవాటుపడిన చెవి దాన్ని జారవిడుస్తుంది.

సాధనకు రోజువారీ సైన్సు పేరాలు ఎందుకు మంచివంటే, జవాబు సరైనదో కాదో ఇంట్లోనే చూసుకోవచ్చు. ఢిల్లీలో అందరికీ తెలిసిన కూలర్‌తో మొదలుపెడదాం.

"ఎ కూలర్ వర్క్స్ వెల్ ఇన్ మే బికాజ్ ది ఎయిర్ ఈజ్ డ్రై అండ్ వాటర్ ఇవాపరేట్స్ క్విక్లీ. ఇన్ ఆగస్ట్, హవెవర్, ది ఎయిర్ ఆల్రెడీ హోల్డ్స్ మచ్ మోయిశ్చర్. అన్‌లెస్ ఎ విండో ఈజ్ ఓపెన్, ది రూమ్ బికమ్స్ స్టికీ."

"ఆగస్టులో కూలర్ సరిగా ఎందుకు పనిచేయదు?" అంటే కొందరు 'గాలి పొడిగా ఉంది కాబట్టి' అని రాస్తారు. 'బికాజ్' కనబడగానే ఆ ముక్క ఎత్తి రాయడం వల్ల వచ్చే చిక్కు ఇది. 'హవెవర్' దగ్గర ఆగితే అక్కడి నుంచి కథ అడ్డం తిరిగిందని తెలుస్తుంది. నీరు ఆవిరవుతూ గాలిలోని వేడిని తీసుకుంటుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరవడం మందగిస్తుంది. విశాఖలో ఉండి వచ్చినవాళ్లకు ఈ ఉక్కపోత వేరే చెప్పక్కర్లేదు. ఇక 'అన్‌లెస్' లోపల ఒక 'కాకపోతే' దాక్కుని ఉంటుంది. కిటికీ తెరిచి లేకపోతేనే గది జిగటగా మారుతుంది. 'ఓపెన్' మాట మాత్రమే చూసినవాళ్లు అర్థాన్ని తలకిందులు చేస్తారు.

రెండో పేరా మన పక్కనే ఉంది. సాకేత్ తర్వాతి మెట్రో స్టేషన్ కుతుబ్ మీనార్. ఆ ప్రాంగణంలోని ఇనుప స్తంభం సుమారు 7 మీటర్ల ఎత్తు, 6 టన్నులకు పైగా బరువు.

"ది ఐరన్ పిల్లర్ ఈజ్ ఎబౌట్ 1,600 ఇయర్స్ ఓల్డ్. ఆల్దో ఇట్ స్టాండ్స్ ఇన్ ది ఓపెన్, ఇట్ హ్యాజ్ హార్డ్లీ రస్టెడ్. ఇట్స్ ఐరన్ కంటెయిన్స్ మోర్ ఫాస్ఫరస్ దాన్ మోడరన్ ఐరన్, అండ్ దిస్ హెల్ప్డ్ ఎ థిన్ ప్రొటెక్టివ్ ఫిల్మ్ టు ఫార్మ్."

'ఆల్దో' అంటే 'అయినా'. ఆరుబయట ఉన్నా తుప్పు పట్టలేదని. 'హార్డ్లీ'ని 'హార్డ్'తో కలిపి 'గట్టిగా తుప్పు పట్టింది' అనుకుంటే అంతా తారుమారే. దాని అర్థం 'దాదాపు లేదు'. "స్తంభం ఎవరు వేయించారు?" అని అడిగి చూడండి. చరిత్ర చదివిన పిల్లలు వెంటనే గుప్త చక్రవర్తి పేరు చెబుతారు. ఆ జవాబు పేరాలో లేదు. మనకు తెలిసినది వేరు, పేరా చెప్పినది వేరు. సైన్సు పేరాల్లో మార్కులు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఒక ఆదివారం పేరా చదివించి, ఆ తర్వాత పిల్లల్ని స్తంభం దగ్గరకు తీసుకెళ్లండి. కంచె బయటి నుంచే అయినా ఆ మాటలు ఇక మరిచిపోరు.

రోజుకు పది నిమిషాలు చాలు. పేరా 100 మాటలు దాటనక్కర్లేదు. మొదట నోరు మెదపకుండా ఒకసారి చదవాలి. రెండోసారి కీలు మాటల చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాలి. తర్వాత పేరా సారాన్ని ఒక్క తెలుగు వాక్యంలో చెప్పాలి. చివరగా ప్రతి జవాబుకూ ఆధారం ఏ వాక్యంలో ఉందో వేలు పెట్టి చూపించాలి.

ఇంగ్లీషు రాని నాయనమ్మ కూడా ఈ పాఠం చెప్పగలదు. పిల్లవాడు తెలుగులో చెబుతుంటే ఆవిడ "ఎందుకని?", "అయితే ఏమవుతుంది?", "ఎప్పుడు అలా జరగదు?" అని అడిగితే చాలు. కీలు మాట దాటేసినవాడు అక్కడే తడబడతాడు, మళ్లీ పేరాలోకి వెళ్తాడు.

ఈ వారం మీ ఇంట్లో ప్రయత్నించండి:

"ఇన్ ఎ ప్రెషర్ కుకర్, వాటర్ రీచెస్ ఎబౌట్ 120 డిగ్రీస్, దేర్‌ఫోర్ దాల్ కుక్స్ ఫాస్టర్. వన్స్ ది విజిల్ బ్లోస్, హవెవర్, ఎ హైయర్ ఫ్లేమ్ డజ్ నాట్ మేక్ ఇట్ కుక్ ఎనీ ఫాస్టర్."

1. పప్పు త్వరగా ఎందుకు ఉడుకుతుంది?
2. విజిల్ వచ్చాక మంట పెంచితే లాభం ఉందా? ఏ మాట వల్ల తెలిసింది?
3. మంట తగ్గిస్తే నెలకు ఎంత గ్యాస్ మిగులుతుంది?

జవాబులు: 1. నీరు సుమారు 120 డిగ్రీల వరకు వేడెక్కుతుంది కాబట్టి. 2. లేదు, 'హవెవర్' దగ్గర మలుపు ఉంది, 'నాట్' దాన్ని తేల్చి చెప్పింది. 3. పేరాలో చెప్పలేదు.